ఐదో నంబరు కొక్కెం

మెట్లు దిగేటప్పుడు నీల్ కెర్షా గోడవైపు తిరిగి, రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, పక్కవాటుగా ఒక్కొక్క మెట్టే దిగుతాడు. మోకాళ్లు వేడెక్కేదాకా అంతే. పదకొండింటికల్లా మామూలు మనిషిలా నడుస్తాడు. మధ్యాహ్నం మూడింటికి పరుగెత్తుతాడు. కుర్రాళ్లతో సమానంగా పరుగెత్తలేడు గాని, వాళ్లు ఎక్కడికి రాబోతారో ముందే అక్కడ నిలబడి ఉంటాడు కనుక ఆ లోటు ఎవరికీ అంతగా కనబడదు.

వంటింట్లో భార్య జానిస్ కాల్చిన రొట్టె మీద ఉడికిన చిక్కుడుగింజలు వేసి పళ్లెం అతని ముందు పెట్టింది. పదిహేనేళ్లుగా మ్యాచ్ ఉన్న రోజు పెట్టే తిండి అదే.

“ఇవాళ ఆడిస్తారా?”

“ఆడించరు.”

“అడిగావా?”

“అడిగేదేముంది. గురువారం నుంచీ బాస్ నా బూట్లతో మాట్లాడుతున్నాడు. తలెత్తి మొహం చూడట్లేదు.”

జానిస్ టీ పోసింది. “కీత్ సోమవారం నుంచి రమ్మన్నాడు. వ్యాన్ నువ్వే నడపాలంట.” కీత్ ఆమె తమ్ముడు. తివాచీల కొట్టు నడుపుతాడు.

“చూద్దాంలే,” అన్నాడు నీల్.

బ్రాక్‌డేల్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుతో అతనికున్న ఒప్పందంలో ఒక షరతు ఉంది. సీజన్లో ముప్ఫై మ్యాచ్‌లు మొదటి నిమిషం నుంచీ ఆడితే ఇంకో ఏడాది దానంతటదే వస్తుంది. సబ్‌స్టిట్యూట్‌గా మధ్యలో దిగితే లెక్కలోకి రాదు. ఇరవైతొమ్మిది అయ్యాయి. ఇవాళ ఆఖరి మ్యాచ్. ముప్ఫై ఐదేళ్లవాణ్ణి ఇంకో ఏడాది మొయ్యడం ఛైర్మన్‌కి ఇష్టం లేదు, ఆ మాట మేనేజర్‌కి చెప్పేశాడు. గెలిచినా ఓడినా టౌన్‌కి పై డివిజన్‌కి ఎక్కే ఆశ లేదు, కింది డివిజన్‌కి జారే భయమూ లేదు. ఈ సంగతి డ్రెస్సింగ్ రూములో అందరికీ తెలుసు, ఊళ్లో సగం మందికి తెలుసు.

నాలుగో డివిజన్‌లో డిఫెండర్ పేరు జనానికి గుర్తుండాలంటే సొంత గోల్లో బంతి వేసుకోవాలి, లేదా ఎవడి కాలైనా విరగ్గొట్టాలి. నీల్ మొదటిది నాలుగుసార్లు చేశాడు, రెండోది చెయ్యలేదు. పదిహేడో ఏట మొదలుపెట్టి ఆరు క్లబ్బులు మారాడు. చేపల వాసన కొట్టే సముద్రపు ఊరొకటి, గనులు మూతపడ్డ ఊళ్లు రెండు, మిగతావి వాన తప్ప వేరే గుర్తు లేనివి. ముక్కు మూడుసార్లు విరిగి ఎడమకి తిరిగింది. కనుబొమల మీద పాత కుట్లు ఎన్నో అతనికే తెలియదు. నుదురు మాత్రం వెడల్పుగా, నున్నగా, వాడివాడి అరిగిన పనిముట్టులా ఉంటుంది. ఆ నుదుటితో బంతిని వచ్చిన దారినే వెనక్కి పంపడం అతని వృత్తి. ఆ పని అంటే అతనికి ప్రాణం. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, జానిస్‌తో సహా.

డ్రెస్సింగ్ రూములో జెర్సీలు చూసుకునే ముసలాయన స్టాన్ కొక్కేల కింద బూట్లు సర్దుతున్నాడు. తలుపు పక్కన జట్టు కాగితం అంటించి ఉంది. నీల్ చదవకుండానే సబ్‌స్టిట్యూట్‌కిచ్చే పద్నాలుగో నంబరు జెర్సీ తగిలించిన చోటికి, మరుగుదొడ్డి పక్కనున్న బెంచీ చివరికి వెళ్లి కూర్చున్నాడు.

“చూసుకోవేం అబ్బాయ్?” అన్నాడు స్టాన్.

“నీ మొహం చూశాగా.”

నీల్ వేసుకునే ఐదో నంబరు జెర్సీ ఈసారి గ్యారీ పోమ్‌ఫ్రెట్‌కి రాశారు. నాలుగు సీజన్లుగా నీల్ పక్కన ఆరో నంబరు వేసుకుని ఆడినవాడు. ఆరో నంబరుకి వేరే క్లబ్బు నుంచి అరువు తెచ్చుకున్న ఆటగాణ్ణి రాశారు. గ్యారీ ఐదో కొక్కెం కింద కూర్చున్నాడు గాని, అది తన చోటు కానట్టు బెంచీ అంచుకి ఆనుకున్నాడు.

నీల్ లేచి వెళ్లి ఐదో కొక్కెం మీంచి రెండు గుడ్డ పీలికలు తీసుకున్నాడు. మేజోళ్లు జారకుండా మోకాలి కింద కట్టుకునేవి. మిగతావాళ్లంతా స్టాన్ ఇచ్చే కొత్త పట్టీలు కట్టుకుని, ఆట అయ్యాక చింపి పారేస్తారు. నీల్ మొదటి క్లబ్బులో ఉన్నప్పుడు చించుకున్న కట్టుగుడ్డనే ఇప్పటికీ వాడతాడు. ప్రతి మ్యాచ్ అయ్యాకా కుళాయి కింద ఉతికి, పిండి, వచ్చే శనివారానికని ఐదో కొక్కెం మీద ఆరేస్తాడు.

“అవి మ్యూజియంకి ఇచ్చెయ్ రా,” అన్నాడు గ్యారీ.

“నిన్నూ నన్నూ తీసుకునేటప్పుడు ఇస్తాలే.”

గ్యారీ నవ్వలేదు. వాడికి ఇరవై ఏడు. రెండో డివిజన్ క్లబ్బు నుంచి ఒకాయన ఇవాళ వాణ్ణి చూడ్డానికి వస్తున్నాడని మంగళవారం నుంచే తెలుసు. ఇరవై ఏడు దాటాక అలా ఎవరూ రారు.

రెండున్నరకి జట్టు ఒళ్లు వేడెక్కించుకోవడానికి మైదానంలోకి దిగింది. సన్నగా తుంపర. గోలు వెనక కంచె దగ్గర ఎప్పుడూ నిలబడే గుబురు మీసాలాయన, “కెర్షా, గడ్డి పెరిగేలోగా అవతలి ఒడ్డు చేరతావా?” అని అరిచాడు. నాలుగేళ్లుగా అదే మాట. నీల్ ఎప్పటిలాగే చెయ్యెత్తాడు.

అప్పుడే గ్యారీ పరుగు మధ్యలో ఆగి, ఎడమ తొడ వెనక పట్టుకుని కూలబడ్డాడు.

మేనేజర్ వచ్చి వంగి చూశాడు. “తొడేనా?”

“తొడే, బాస్. పట్టేసింది.”

మేనేజర్ నిటారుగా నిలబడి, పైన ఛైర్మన్ కూర్చునే గాజు గది వైపు చూశాడు, తరవాత నీల్ వైపు తిరిగాడు. గురువారం తరవాత మొహం చూడ్డం ఇదే మొదటిసారి. “ఐదు నువ్వేసుకో,” అన్నాడు. కావాలని చేసింది కాదు, ఏం చెయ్యను అన్నట్టుంది గొంతు. కాస్త సంతోషం కూడా ఉంది.

స్టాన్ జెర్సీ అందించాడు. నీల్ తొడుక్కున్నాడు. పీలికలు విప్పి మళ్లీ గట్టిగా కట్టుకున్నాడు. నిజంగానే సంతోషం వేసింది, పైకి కనబడితే నవ్వుతారేమో అనిపించేంత. ఇంకో ఏడాది శనివారాలు. కీత్ వ్యాన్ ఇంకెవరైనా నడుపుకుంటారు.

గ్యారీ కుంటుతూ లోపలికి వచ్చాడు. కుడికాలితో కుంటుతున్నాడు.

నీల్ చూశాడు. స్టాన్ కూడా చూసి, బూట్ల మీదికి తల వంచేశాడు. బతుకంతా అవతలివాడి కాళ్లు చూసి బతికినవాడి దగ్గర అంతకంటే చేతకాని అబద్ధం ఇంకోటి ఉండదు.

నీల్ వాణ్ణి బూట్లు కడిగే కొట్టంలోకి లాగాడు.

“ఒరేయ్, కుంటితే ఒకే కాలితో కుంటు.”

“నోరు మూసుకుని ఆడు.”

“పైన ఒకాయన కూర్చున్నాడు. నీకోసం.”

“మళ్లీ వస్తాడ్లే.”

“రాడు. నాకోసమూ ఒకసారి వచ్చారు. ఆ రోజు జ్వరం. మళ్లీ వచ్చారా?”

గ్యారీ గోడకి ఆనుకున్నాడు. “నీ జెర్సీ నాకిచ్చి, నిన్ను మరుగుదొడ్డి పక్కన కూచోబెడితే, నేను పోయి పిచ్చోడిలా ఎగిరి తలతో కొట్టాలా? ఇంకో ఏడాది వస్తుంది కదరా వెధవా, తీసుకో.”

“కాలు విరిగినోడి జెర్సీ వేసుకున్నాను,” అన్నాడు నీల్. “పెళ్లాంతో తగువు పడి రానోడిదీ వేసుకున్నాను. కాళ్లు బాగున్నోడిది ఎప్పుడూ వేసుకోలేదు. ఇప్పుడు మొదలెట్టను.”

జెర్సీ తలమీంచి లాగేసి వాడి ఛాతీకి నొక్కాడు. గ్యారీ నీల్‌నీ, అతని పీలికల్నీ కలిపి తిట్టాడు. తిడుతూనే తొడుక్కున్నాడు.

బయట గంట మోగింది. మేనేజర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“గ్యారీది ఉత్త తిమ్మిరి, బాస్. తగ్గిపోయింది.”

మేనేజర్ ఇద్దరినీ చూశాడు. “ఆలోచించే అంటున్నావా, నీల్?”

“ఆలోచిస్తే అనలేను. తొందరగా ఒప్పుకోండి.”

జట్టు మైదానంలోకి వెళ్లింది. నీల్ పద్నాలుగు వేసుకుని, పొడుగాటి కోటు కప్పుకుని బెంచీ మీద కూర్చున్నాడు. బయటినుంచి చూస్తే గ్యారీ ఆట ఇంత బాగుంటుందా అనిపించింది. నాలుగేళ్లు పక్కనే ఉండి సరిగా చూడనేలేదు. వాడు ముందుకెళ్లినప్పుడల్లా తను వెనక నిలబడే చోట ఇప్పుడు ఎవరూ లేరు. అరువు తెచ్చుకున్నవాడికి ఆ సంగతి తెలీదు. గ్యారీయే రెండు పనులూ చేశాడు.

ఆఖరి పది నిమిషాలకి మేనేజర్ నీల్‌ని మైదానంలోకి దింపాడు. అప్పటికి గ్యారీని చూడ్డానికొచ్చినాయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వాళ్లు ఆఖరిదాకా ఉండరు, నచ్చినా నచ్చకపోయినా. అవతలి జట్టుకి మూడు కార్నర్ కిక్‌లు వచ్చాయి. మూడింటినీ నీల్ తలతో వచ్చిన దారినే పంపాడు. మూడోదానికి కనుబొమ పాత కుట్ల మీదే మళ్లీ చిట్లింది. మీసాలాయన ఏమీ అరవలేదు. టౌన్ ఒక్క గోలుతో ఓడిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

స్నానాల ఆవిరిలో మేనేజర్ అతని దగ్గరికి వచ్చాడు. వద్దనుకున్నవాళ్లకి సీజన్ అయిన సోమవారం తన గదిలో చెప్పి, సామాన్లకి నల్లసంచీ ఇచ్చి పంపడం అక్కడి పద్ధతి.

“సోమవారం ఓసారి…” అన్నాడు మేనేజర్.

“సోమవారం నాకు వ్యాన్ పనుంది, బాస్. సంచీ ఇప్పుడే ఇప్పించండి.”

మేనేజర్ చెయ్యి చాపాడు. కాసేపు వదల్లేదు.

స్టాన్ ఇచ్చిన సంచీలో నీల్ బూట్లు, పిక్కల తొడుగులు, వ్యాజిలీన్ డబ్బా, టీ కప్పు వేసుకున్నాడు. గ్యారీ పక్కకొచ్చి, తడిసిన ఐదో నంబరు జెర్సీ విప్పి ఆ సంచీలో వేశాడు. నీల్ దాన్ని తీసి మాసిన బట్టల బుట్టలోకి విసిరాడు.

“క్లబ్బుది. తగ్గితే స్టాన్ ఏడుస్తాడు.”

“పిల్లల్ని తీసుకుని ఆదివారం వస్తా,” అన్నాడు గ్యారీ.

“రా. తివాచీ కొను.”

అందరికంటే ఆఖర్న వెళ్లాడు నీల్. సంచీ భుజాన వేసుకుని, దీపం ఆర్పబోయి స్టాన్ ఇంకా ఉన్నాడని గుర్తొచ్చి మానేశాడు. “వస్తా స్టాన్,” అన్నాడు, ప్రతి శనివారం అన్నట్టే. మోకాళ్లు బిగుసుకుపోవడం అప్పుడే మొదలైంది. బయటి మూడు మెట్లూ పక్కవాటుగా దిగాడు. కాసేపటికి కారు కదిలిన చప్పుడు వినిపించింది.

స్టాన్ చీపురు పట్టుకుని బెంచీల కింద మట్టి, కత్తిరించిన పట్టీలు, నారింజ తొక్కలు తుడుచుకుంటూ వచ్చాడు. ఐదో కొక్కెం దాకా వచ్చి తలెత్తాడు. పరుగున గుమ్మం దాకా వెళ్లాడు. రోడ్డు మీద కారు లేదు. తిరిగొచ్చి చీపురు గోడకి ఆనించి, బెంచీ మీద కూర్చున్నాడు.

కొక్కెం మీద రెండు గుడ్డ పీలికలు, ఉతికి, గట్టిగా పిండి, వచ్చే శనివారానికని ఆరేసి ఉన్నాయి.