వేలెడు లోపలికి

మా తోడల్లుడు కట్టిన గోడ చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుంది. దాచుకోవడం ఎందుకు? కోటలో రాతిపనికి వాణ్ణి తీసుకొచ్చిందే నేను. సున్నం ఎన్నాళ్లు నానాలో, కట్టిన గోడకు తడి గోనెలు ఎందుకు కప్పాలో దగ్గరుండి నేర్పాను. ఇప్పుడు మా అత్తగారి నోట "పనంటే చిన్నల్లుడిదే" అన్న మాట తప్ప మరొకటి రాదు.

ఆరువందల ఏళ్లనాటి ఆ కోట సగం కూలిపోయింది. ఈ ఏడాది ఉత్తరపు గోడలో చెరొక గండి పూడ్చమని మా ఇద్దరికీ అప్పగించారు. ఎవరి పని నచ్చితే పెద్ద బురుజు బాగుచేసే పని వాళ్లకే. దానికోసం పద్దెనిమిదేళ్లుగా కాచుకుని కూర్చున్నాను.

పాత కోటల పనిలో ఒక నియమం ఉంది. కొత్త రాయిని పాత గోడకంటే వేలెడు లోపలికి పెట్టాలి. ఏది పాతదో, ఏది మనం కట్టిందో తర్వాత చూసేవాళ్లకు తెలియాలి. వాడు బుద్ధిమంతుడిలా అలాగే కట్టాడు. చొక్కాకు మాసిక వేసినట్టుంది. అయినా అందరూ భలే అన్నారు. అసలు అతుకే కనబడకుండా కట్టి చూపిస్తానని నేను పంతం పట్టాను. కూలిన రాళ్లలోంచి ఏరి, అంచులు అరగదీసి, పాత గోడకు సమంగా పేర్చి, పైన మసినీళ్లు పూశాను. ఆ నియమం వాడికి నేర్పింది నేనేనన్న సంగతి మాత్రం గుర్తు రానివ్వలేదు.

తనిఖీకి వచ్చిన ఇంజినీరమ్మ వాడి గోడ దగ్గర ఆగి తలూపింది. నా గోడ ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది.

"మీ గండి ఎక్కడండీ?"

"ఇప్పుడు మీరు దాటొచ్చిందే మేడమ్," అన్నాను రొమ్ము విరుచుకుని.

ఆమె వెనక్కి వెళ్లి గోడంతా తడిమి చూసింది.

"మీ చేతికి దణ్ణం పెట్టాలి. కానీ ఇది మోసమండీ. రేపు కోట చరిత్ర రాసేవాళ్లు ఈ గోడ ఎప్పుడూ కూలలేదని రాస్తారు. విప్పించేయండి. బురుజు ఆయన చూసుకుంటారు."

విప్పడానికి సుత్తి, ఉలి పట్టుకుని వాడే వచ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. వాడు ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచాడు. రాళ్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదన్నయ్యా. నువ్వే చూపించు."

ఆరు నెలలుగా ఆ నోట వినాలనుకున్న మాట అదే. వాడి చేతిలోంచి ఉలి తీసుకుని నా మొదటి రాయి మీద ఆనించాను.