వదిన చెయ్యి, బండి కడుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. వెనకాల గోడకు ఆనుకుని కునికే వాళ్ళు కూడా ముందుకు రండి, మధ్యలో లేచి ఏమైందేమైందని అడిగితే మళ్ళీ మొదలుపెట్టడం కుదరదు. ఇందులో దొంగలు లేరు, దయ్యాలు లేవు. ఒక వంటావిడ ఉంది, ఒక పాత వ్యాను ఉంది, ఆ వ్యానుకు ఆవిడ చేసిన అతి మర్యాద ఉంది.

ఆమెను వీధి వీధంతా వదిన అనే పిలిచేది. నిజానికి ఆమె వదిన అయింది ఒక్క మరిదికే. కానీ ఆ మరిది గొంతు మామూలు గొంతు కాదు. గేటు దగ్గర నిలబడి "వదినా" అంటే వీధి చివర తలుపులు తెరుచుకునేవి. వినీ వినీ అందరి నోళ్ళలోనూ అదే పేరు పడిపోయింది. ఆఖరికి ఆమె మొగుడు కూడా ఒకసారి పరధ్యానంగా వదినా అని పిలిచి నాలుక కరుచుకున్నాడు.

వాళ్ళ ఇంటి వెనక రేకుల షెడ్డులో పెద్ద వంటిల్లు ఉండేది. అన్నదమ్ములిద్దరిదీ కలిపి ఒకటే వ్యాపారం. తెల్లవారకముందే పొయ్యిలు వెలిగేవి, పొద్దెక్కేసరికి స్టీలు క్యారేజీలు వరసగా నిండేవి, మధ్యాహ్నానికి అవన్నీ ఆసుపత్రిలో రోగుల దగ్గర కాపలా ఉండే వాళ్ళకు చేరాలి. వండేది వదిన. ఆమె చెయ్యి చాలా పెద్దది. గరిటెడు వెయ్యమంటే గరిటెన్నర వేసేది. క్యారేజీ మూత గట్టిగా అదిమితే గానీ పట్టకపోతే, అప్పుడు ఆమె మనసు కుదుటపడేది. ఎవరి గిన్నె అయినా కాస్త వెలితిగా కనబడితే చాలు, తనేదో అపచారం చేసినట్టు గిలగిల్లాడేది.

ఆ వ్యానును ఏళ్ళ తరబడి ఆమె మొగుడే తోలాడు. తర్వాత ఆయన కళ్ళు మసకబారాయి, స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పేశాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది లెక్క తేల్చినట్టు మాట్లాడాడు. పాత బండి ఎలాగూ ముసలిదైపోయింది, దాన్ని అమ్మేసి సరుకు మోసే కంపెనీ వాళ్ళకు క్యారేజీలు అప్పగిస్తే తలనొప్పి ఉండదన్నాడు. అప్పుడు వదిన చేతిలో గరిటె పక్కన పెట్టి చెప్పింది.

"బండి నేను తోల్తా. దాని మంచీచెడ్డా కూడా నేనే చూసుకుంటా."

"స్పానర్ తిప్పడమంటే గరిటె తిప్పడం కాదు వదినా."

"గరిటె తిప్పడం నీకొచ్చినట్టు మాట్లాడుతున్నావే."

మొగుడు నవ్వాపుకోలేక పొలమారి నీళ్ళు తాగాడు. మరిది తల వంచుకుని ఇంకో ముద్ద కలుపుకున్నాడు. కానీ మాటంటే మాటే. ఏటా జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో బండి నెగ్గితే వదినదే రాజ్యం, తప్పితే అమ్మకమే అని ముగ్గురూ ఒప్పుకున్నారు. వదిన ఇంట్లో అందరి ముందూ ఇచ్చిన మాట అది. పిల్లలు లేని ఇంట్లో ఆమె తన కోసమంటూ నోరు తెరిచి అడిగింది ఆ ఒక్కటే.

లైసెన్సు తెచ్చుకుంది. వీధి మలుపులో ఒక ముసలి మెకానిక్ ఉండేవాడు, అతను కొట్టు మూసి కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు. వెళ్ళేముందు వదిన అతన్ని వదల్లేదు, రోజూ క్యారేజీ ఇచ్చే వంకతో పోయి ఏదో ఒకటి అడిగేది. అతనూ విసుక్కోకుండా చెప్పాడు. బండిని సమంగా ఉన్న నేల మీద ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, తాళం తీసి జేబులో పెట్టుకున్నాకే బానెట్ ఎత్తమన్నాడు. మెడలో గొలుసు తీసి, జడ ముడేసుకుని, అప్పుడు లోపల చెయ్యి పెట్టమన్నాడు. ఇంజన్ తిరుగుతుండగా ఫ్యాన్ బెల్టు దగ్గర వేలు కూడా చూపించవద్దన్నాడు. రేడియేటర్ మూత సంగతి వచ్చినప్పుడు మాటలేమీ చెప్పలేదు, చొక్కా చేతులు పైకి మడిచి మోచేతి దాకా ఉన్న కాలిన మచ్చ చూపించాడు. వేడి మీద ఉన్న మూత తెరిస్తే జరిగేది అదేనని వదినకు మళ్ళీ చెప్పనక్కర్లేకపోయింది.

వదిన అన్నీ తు.చ. తప్పకుండా చేసేది. పొయ్యి వెలిగించే ముందు బండి దగ్గరికి పోయి టైర్లు చూసేది, కూలెంట్ సీసా చూసేది, నేల మీద కొత్త మరకేమైనా పడిందేమోనని వంగి చూసేది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ము దులిపేది. బ్యాటరీ మొనల మీద పట్టిన తెల్లటి పొడిని తుడిచేది. హెడ్‌లైట్లు అద్దాల్లా మెరిసేవి. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు ఆ బండి వస్తుంటే కొత్తదనుకుని ఒకసారి సలాము కూడా కొట్టాడట. వదిన ఆ మాట వారం పాటు ఇంట్లో చెప్పింది.

అంతా బాగానే ఉంది. ఆమె చెయ్యి మాత్రం ఊరుకోలేదు.

ఇంజన్ ఆయిల్ చూడడానికి సన్నటి కడ్డీ ఒకటుంటుంది. దాన్ని బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ లోపలికి దించి తీస్తే ఆయిల్ ఎంతవరకు ఉందో తడి కనబడుతుంది. కడ్డీ మీద కింద ఒక గీత, పైన ఒక గీత. ఆ రెండింటి నడుమ ఉంటే చాలని మెకానిక్ చెప్పాడు. వదిన చూసినప్పుడు సరిగ్గా నడుమనే ఉంది. ఆమెకు అది నచ్చలేదు. ఇంత బరువు మోసే దాన్ని అరకడుపుతో పనికి పంపడమేమిటి అనిపించింది. డబ్బాలోంచి కాస్త పోసింది. మర్నాడు ఇంకాస్త. పై గీతను తాకిన రోజున ఆమెకు క్యారేజీ మూత బిగిసినంత తృప్తి కలిగింది. అక్కడైనా ఆగిందా అంటే ఆగలేదు. నిండుగా ఉంటే మేలే గానీ కీడేముందని, చేతిలో డబ్బా ఉన్న పాపానికి మరి కాస్త పోసింది.

పరీక్ష ఇంకా కొద్ది రోజులుందనగా బండి వెనకనుంచి నీలం పొగ మొదలైంది. మొదట ఎవరో చెత్త కాలుస్తున్నారనుకుంది. తీరా చూస్తే ఆ పొగ ఆమె ఎటు తిరిగితే అటే వస్తోంది. ఆసుపత్రి గేటు కాపలావాడు సలాముకు బదులు ముక్కు మూసుకున్నాడు. బండి ఎత్తు ఎక్కలేక ఆయాసపడింది. ఇంటికొచ్చేసరికి మరిది గేటు దగ్గరే ఉన్నాడు. పొగ చూసి తల ఆడించాడు. ఇంజన్ లోపల అరిగిపోయింది, ఇక దీనికి నూకలు చెల్లాయి, ఆదివారం కొనేవాడిని తీసుకొస్తానన్నాడు. ఎగతాళిగా అని ఉంటే వదిన తిప్పికొట్టేది. జాలిగా అన్నాడు. అది ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది.

ఆ రాత్రి ఆమెకు అన్నం సయించలేదు. బండికి ఏం తక్కువ చేశానా అని మనసులోనే ఒక్కొక్కటీ వెతుక్కుంది. గాలి తక్కువ చేసిందా, నీళ్ళు తక్కువ చేసిందా, శుభ్రం తక్కువ చేసిందా. ఎంత వెతికినా తక్కువన్నది ఎక్కడా దొరకలేదు.

పొద్దున వంటింట్లో గుడ్లు గిలక్కొడుతోంది. పెద్ద గిన్నె తోమలేదని చిన్న గిన్నెలోనే అన్నీ పగలగొట్టింది, సొన అంచుదాకా వచ్చింది. కవ్వం వెయ్యగానే నురగ లేచింది. నురగ అంచు దాటి, బల్ల మీదికి పొర్లి, అక్కడినుంచి జారి పొయ్యి మీద పడి కమురు వాసనతో పొగైంది. వదిన కవ్వం పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది. లోపల తిరిగే వస్తువు ఉన్నప్పుడు గిన్నెలో ఖాళీ ఉండాలి. ఇంజన్ లోపలా ఒక ఇనుప కవ్వం తిరుగుతూనే ఉంటుందని మెకానిక్ ఏనాడో చెప్పాడు.

పొయ్యి ఆర్పి బండి దగ్గరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. బండి రాత్రంతా కదలలేదు, ఇంజన్ చల్లగా ఉంది. కడ్డీ తీసి తుడిచి మళ్ళీ దించి తీసింది. ఆయిల్ పై గీత దాటి అంగుళం పైకి పాకి ఉంది, దాని మీద సన్నటి నురగ బుడగలు. ఇన్నాళ్ళూ దాన్ని చూసి మురిసిపోయింది తనే.

ఆమె దాచుకోలేదు. నేరుగా మెకానిక్‌కి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అవతల కాసేపు దగ్గు, ఆ తర్వాత నవ్వు.

"నీ చెయ్యి నాకు తెలీదా అమ్మా. మీ ఇంటి క్యారేజీ తిన్న రోజు నేనే లేవలేకపోయేవాణ్ణి, ఆ బండి ఎక్కడ లేస్తుంది?"

నవ్వు అయ్యాక చెప్పాల్సింది చెప్పాడు. బండి స్టార్ట్ చెయ్యొద్దన్నాడు. కడ్డీ దిగే గొట్టంలోకే సన్నటి పైపు పంపి, పెద్ద సిరంజితో కొద్దికొద్దిగా లాగమన్నాడు, లాగిన ప్రతిసారీ కడ్డీ చూసుకోమన్నాడు. తీసిన నూనె కాలవలో పారబోయక డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే చోట ఇమ్మన్నాడు. సరిచేశాక కూడా పొగ తగ్గకపోతే మాత్రం సొంత ప్రయోగాలు ఆపి మంచి మెకానిక్‌కు చూపించమన్నాడు.

ఆసుపత్రి పక్క మందుల కొట్లో సిరంజి, పైపు దొరికాయి. ఆ రోజు క్యారేజీలు ఆటోలో వెళ్ళాయి. వదిన తిరిగొచ్చేసరికి వాకిట్లో మరిది జాకీ మీద బండి ముందు భాగం ఎత్తి, చొక్కా విప్పి, కిందికి దూరడానికి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. సంగతి అన్న చెప్పాడట, అడుగున ఆయిల్ దిగే బిరడా విప్పేస్తే క్షణంలో పనైపోతుందని బయలుదేరాడు. పాపం, సాయం చేద్దామనే. చక్రాల వెనక ఒక్క రాయైనా పెట్టలేదు.

"బయటికి రా."

"ఒక్క నిమిషం వదినా, బిరడా దొరికింది."

"జాకీ బండిని ఎత్తడానికే. దాని కింద మనిషి ఉండకూడదు. వస్తావా, కాళ్ళు పట్టుకుని లాగమంటావా?"

ఆమె గొంతు పెంచలేదు. అయినా మరిది పాకుతూ బయటికొచ్చాడు. జాకీ దించి బండిని సమంగా నిలబెట్టారు. అతను వీపు దులుపుకుంటూ, ఇంత చేసినా ఇంజన్ పోయిందనే తన అనుమానమన్నాడు. అప్పుడు వదిన అతని ఎదురుగా నిలబడి చెప్పింది.

"ఇంజన్ పోలేదు. ఆయిల్ నేనే ఎక్కువ పోశాను. పోసిన చేత్తోనే తీస్తాను, చూడు."

మొగుడు డబ్బా పట్టుకుని పక్కన కూర్చున్నాడు. కళ్ళు మసకే గానీ చేతులు నిలకడ. వదిన పైపు దించింది, సిరంజి లాగింది, డబ్బాలో పోసింది, కడ్డీ తుడిచి చూసింది. మళ్ళీ. మళ్ళీ. ఆవిడ చెయ్యి ఎప్పుడూ పొయ్యడమే ఎరుగును, తీయడం ఎరగదు. తీసినప్పుడల్లా అయ్యో చాలేమో అనిపించేది. కడ్డీ మాత్రం ఇంకా చాలదనేది. ఆమె తన మనసు మాట కాదని కడ్డీ మాటే విన్నది. తడి రెండు గీతల నడుమకు దిగాక సిరంజి పక్కన పెట్టి నడుం నిటారు చేసుకుంది.

బండిని షెడ్డులో కాకుండా వాకిట్లో, గాలి ఆడే చోట స్టార్ట్ చేసింది. పొగ వచ్చింది. అదే నీలం పొగ. వదిన ఇంజన్ ఆపలేదు. గొట్టాల్లో చిక్కుకున్న పాత నూనె కాలిపోవాలి కదా అని, వంట దించే ముందు చూసే ఓపికతో చూస్తూ నిలబడింది. పొగ పలచబడింది. ఉండుండి ఒక పాయగా వచ్చింది. ఆ తర్వాత అదీ రాలేదు. గొట్టం వెనక తెల్లటి గోడ తెల్లగానే కనబడింది. ఇంజన్ చప్పుడులో రొప్పు పోయింది.

"ఇప్పుడు ఊపిరి పీలుస్తోంది," అన్నాడు మొగుడు.

ఆదివారం వచ్చిన కొనేవాడికి మంచినీళ్ళిచ్చి పంపేశారు. పరీక్ష రోజున వదిన తనే తోలుకుపోయింది. మరిది తోడు వస్తానంటే సరేనంది. పరీక్ష చేసేవాడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, ఇంజన్ రేజ్ చేయించి, యంత్రం మీద అంకె చూశాడు. నమ్మకం కుదరనట్టు ఇంకోసారి చేయించాడు. తర్వాత లైట్లు, బ్రేకులు, టైర్లు చూసి నెగ్గినట్టు ముద్ర వేశాడు. వదిన ఆ కాగితం చదవలేదు, మడిచి కూడా పెట్టలేదు. చేతిలో విప్పి పట్టుకునే, వరసలో ఉన్న బండ్లన్నిటి పక్కనుంచీ నెమ్మదిగా నడిచి వచ్చింది. ఎప్పుడూ గబగబా నడిచే మనిషి ఆ రోజు అలా నడిచింది.

వరసలో ఎవరో, ఇంత పాత బండిని ఏ మెకానిక్ చూస్తాడు బాబూ అని మరిదిని అడిగాడు. అప్పుడు అతని గొంతు మళ్ళీ గేటు దగ్గర గొంతైంది.

"మెకానిక్కా? మా వదిన చూసుకుంటుంది."

అంతమంది తలలు తిప్పి చూశారు. వదిన కాస్త సిగ్గుపడి, కాస్త గడ్డం పైకెత్తి, వ్యాను ఎక్కి తలుపేసుకుంది. ఇల్లు చేరాక మరిది షెడ్డు వెనక్కి పోయి తన మోటార్ సైకిల్ తోసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టి, దీని ఆయిల్ కూడా ఒకసారి చూసి పెట్టమని అడిగాడు. చివర్లో, పోసేది మాత్రం తను పోసుకుంటానని చేర్చాడు. వదిన చేతిలో ఉన్న గుడ్డ అతని మీదికి విసిరి, ముందు స్టాండు సరిగ్గా వెయ్యమంది.

ఇదీ సంగతి. మీరిది మరిచిపోకండి. ఎవరైనా కొత్తగా బానెట్ ఎత్తుతూ కనబడితే కూర్చోబెట్టి చెప్పండి. చెప్పేటప్పుడు వదిన గొప్ప చెప్పాలనే ఆత్రంలో, ఆవిడ ఎక్కువ పోసిన మాట దాటెయ్యకండి. ముందు ఆ తప్పే చెప్పండి, ఆ తర్వాత మిగతాది చెప్పండి.