యాభయ్యో గది

వాక్యూమ్ క్లీనర్ తగిలించడానికి మా అత్తగారు గోడకున్న నా వీడియో ఆట ప్లగ్గు పీకేసింది. నాలుగు రోజులుగా ఆపకుండా ఉంచిన ఆట. ఆపితే మళ్ళీ మొదటి గదికి రావలసిందే. నలభై తొమ్మిది గదులు దాటి, యాభయ్యో దాని ముందు చిక్కుకుని ఉన్నాను. "ముప్ఫై నాలుగేళ్ళ కోడలికి పిల్లల ఆటబొమ్మ. చూసినవాళ్ళు నవ్విపోతారు," అంది ఆవిడ. నేను మిసో పులుసు దించి, ఆటలో మళ్ళీ మొదటి గది దగ్గర కూర్చున్నాను.

ఆట చిన్నదే. ఒక పిల్ల ఊరగాయ పీపాలను తోసుకుంటూ వాటి వాటి చోట్లకు చేర్చాలి. తోయడమే, లాగడానికి వీల్లేదు. మూలకు చేరిన పీపా ఇక కదలదు. మొదటి ముప్ఫై గదులూ నేను గీసినవే. అన్నం ఉడికే ఇరవై నిమిషాల్లో గళ్ళ కాగితం మీద గీసేదాన్ని. మా ఆయన కునిహారు వాటిని మడిచి జేబులో పెట్టుకుని ఒసాకాలో తన ఆటల కంపెనీకి పట్టుకెళ్ళేవాడు. ఉన్నట్టుండి అడగడం మానేశాడు. "ఆఫీసులో చిజురు అని కొత్తగా చేరింది. ఏం బుర్రనుకున్నావు! నువ్వింక శ్రమపడక్కర్లేదులే," అన్నాడు, ఇంకాస్త అన్నం పెట్టమని గిన్నె చాపుతూ.

కుళ్ళిపోయాను. ఆవిడ మా ఆయన్ని ఎగరేసుకుపోతుందని కాదు, పోతే పోనీ. ఆవిడకో బల్ల ఉంది, కుర్చీ ఉంది, పొయ్యి మీద ఏమీ మాడదు. పైగా నాకంటే బాగా గీస్తుంది. ముప్ఫై ఒకటో గదిలోనే ఆ చెయ్యి తెలిసిపోయింది. నేను గోడ కట్టేచోట ఆవిడ ఖాళీ వదులుతుంది. ఆ ఖాళీ చూసి మురిసిపోయి మనమే పీపాను చెడగొట్టుకుంటాం. ఇలాంటిది నాకు జన్మలో తట్టదు కదా అని ఏడుపొచ్చింది.

నా ముప్ఫై గదులూ బియ్యం నానేలోపు దాటేశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం, మా ఆయన పచింకో జూదం ఆడుకోవడానికి పోయినప్పుడు, యాభయ్యో గదిలో చివరి పీపా దాని చోట కూర్చుంది. తెర మీద ఆట తయారుచేసినవాళ్ళ పేర్లు పైకి నడిచాయి. పోటీ కంపెనీలు మనుషుల్ని ఎత్తుకుపోకుండా అందరికీ మారుపేర్లే వేస్తారు. చిజురుది ఏదై ఉంటుందా అని కళ్ళప్పగించి చూశాను. గదులు గీసినవారు: కప్పరాజు. అంతే, ఒక్క పేరు. కప్పరాజు మా ఆయనే. బడిలో తోటివాళ్ళు పెట్టిన పేరని పెళ్ళైన కొత్తలో సిగ్గుపడుతూ చెప్పాడు.

కొత్త సంవత్సరం కార్డుల డబ్బాలోంచి చిజురు పంపిన కార్డు తీసి, దాని మీదున్న నంబరు తిప్పాను. పేరు చెప్పి, కుశలం కూడా అడక్కుండా, "యాభయ్యో గది మీదేనా?" అన్నాను.

"మొదటి ముప్ఫై మీవా?" అంది. "ఆయన గీసినవి కావని నాకు అనుమానమేనండీ. గీసిందెవరో తెలీక ఆరు నెలలుగా కుళ్ళి చస్తున్నాను."

బయట వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తడిసిపోతున్నాయని అత్తగారు కేకేసింది. తడవనీ అనుకున్నాను.

"యాభై ఒకటోది నేను మొదలుపెడతాను, రేపు రండి," అన్నాను. "కింద మన అసలు పేర్లు రాద్దాం."