హజ్రా బీ ఒక్కపొద్దు

ఎనభై అయిదులో రంజాన్ నెల రోహిణి కార్తెలో పడింది. రోళ్ళు పగిలే ఎండలో, రోజా పట్టిన నోటితో, జుబేదా తమ్ముడు షౌకత్‌తో కలిసి సత్తెనపల్లి నుంచి అద్దె వ్యాన్‌లో నరసరావుపేట వచ్చింది. ఊరి చివర పక్షవాతం రోగులను ఉంచుకుని చూసే సదనంలో తల్లి హజ్రా బీ ఉంది. నెలవంక కనబడక ముందే ఆమెను అక్కడ చేర్పించారు.

"అక్కడ ముసలాళ్ళను పస్తు పెడతారంట" అని షౌకత్ పనిచేసే మెకానిక్ షెడ్డు దగ్గర ఎవరో అన్నారు. ఆ మాట షౌకత్‌ను నిద్రపోనివ్వలేదు.

"నువ్వే చూసి చెప్పు ఆపా. బాగాలేదన్నావా, ఈ నిమిషంలో ఎత్తుకొచ్చి వ్యాన్‌లో పడుకోబెడతా" అన్నాడు గేటు దగ్గర.

ఎత్తుకొచ్చేది అతనే. తెచ్చి పెట్టేది మాత్రం జుబేదా ఇంట్లో. ఆమెకున్నది ఒక్క గది. కుట్టుమిషను పక్కన మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది.

వార్డులో ఫినాయిల్ వాసన తప్ప మరో వాసన లేదు. దుప్పట్లు ఉతికినవి. జుబేదా తల్లి వీపు కింద చేయి పెట్టి తడిమింది. పుండు లేదు. గోళ్ళు తీసి ఉన్నాయి. నూనె రాసి జడ వేశారు. ఒక్కొక్కటీ చూస్తుంటే ఆమె గుండె తేలికపడుతోంది. ఆ తేలికే ఆమెను భయపెట్టింది. బాగుండాలని మనసు ఇంతగా పట్టుబడితే ఇక కళ్ళు ఎవరి మాట వింటాయి? కుట్టడానికి వచ్చిన గుడ్డలో లోపం వెతికే తను, ఇక్కడ లోపం కనబడకూడదని మొక్కుకుంటోంది.

అప్పుడు తల్లి పెదవులు చూసింది. పగిలి, పొరలు లేచి ఉన్నాయి. కుడివైపు వాలిపోయిన మూతిలో నాలుక ఎండిన తోలులా ఉంది.

"నీళ్ళు ఇవ్వడం లేదా?"

మంచం పక్కన విసనకర్ర విసురుతున్న ఆయా అంకమ్మ నవ్వింది. "బూబమ్మ ఒక్కపొద్దుంటందమ్మా. మాట పడిపోయినా పట్టు పోలా. పగలు గలాసు దగ్గరకు తీసుకుపోతే చాలు, మొహం తిప్పేసుకుంటది. తెల్లారుజామున లేపి జావ పోస్తా, చక్కగా తాగిద్ది. మా ఆయనా ఉన్నాడు, శివరాత్రి జాగారమని చెప్పి గురక పెడతాడు."

మేనేజరు కృష్ణయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. "మేం ఎవరి మతానికీ అడ్డం రామమ్మా. డాక్టరు గారు అడిగినా తింటందనే చెప్పాం. జావ తాగుతుందిగా."

జుబేదాకు కలిగింది కోపం కాదు. గర్వం. తన తల్లి ఇలాంటిదే. జ్వరంలో కూడా రోజా వదిలేది కాదు. రోగికి రోజా మాఫీ అని ఎవరు చెప్పినా వినేది కాదు. ఇంత మర్యాదగా చూసుకునే చోట తప్పు ఎక్కడుంది? బయటికి వెళ్ళి తమ్ముడికి చెప్పేస్తే అయిపోతుంది.

ఆమె లేచింది కూడా. కానీ దాహం ఆమెను ఆపింది. అది ఆమె సొంత దాహం. ఈ ఎండలో సాయంత్రం అజాన్ వినబడగానే ఒళ్ళంతా ఒకటే కోరుకుంటుంది.

"పొద్దుగూకినాక నీళ్ళు ఎన్ని తాగుద్ది?"

అంకమ్మ విసనకర్ర ఆగింది. "అప్పుడూ జావేనమ్మా. నీళ్ళు తాగదు."

"రోజా విడిచాక కూడానా?"

అంకమ్మ విసనకర్ర కింద పెట్టింది.

జుబేదా తల్లి చెవి దగ్గర వంగి ఉర్దూలో చెప్పింది. "అమ్మీ, జబ్బు మనిషికి రోజా లేదు. అల్లా ఏమీ అనుకోడు. తాగు." హజ్రా బీ కళ్ళు కూతురి మొహం మీద నిలిచాయి. నోరు తెరిచింది. చెంచాడు నీళ్ళు పోసిందో లేదో పొలమారింది. మొహం ఎర్రబడి, కళ్ళు తేలవేసి, ఊపిరి కోసం మంచం పట్టీని ఎడమ చేత్తో గుంజింది. జుబేదా ఆమెను పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. దగ్గు ఆగేసరికి ఇద్దరి ఒళ్ళూ చెమటతో తడిశాయి.

మొహం తిప్పుకున్నది దేవుడి కోసం కాదు. గొంతుకు భయపడి.

"డాక్టర్ని పిలిపించండి. ఇప్పుడే."

"సాయంత్రం ఎటూ వస్తారమ్మా..." అన్నాడు కృష్ణయ్య.

"సాయంత్రానికి ఈమె ఉండాలిగా."

అతను సైకిలు కోసం వెళ్ళాడు. వెళుతూ, "ఎంత సేవ చేసినా మాటలు తప్పవు" అని గొణిగాడు.

జుబేదాకు అంకమ్మ మీద కోపం వచ్చింది, అంతలోనే పోయింది. పోవడంలోని తొందర చూసి తనను తానే అనుమానించింది. క్షమిస్తే తల్లిని ఇక్కడే వదిలేయొచ్చు కదా. ఈ లెక్కలోంచి తనను తీసేసి చూడటం ఎట్లా?

"జావ ఉందా?" అని అడిగి, గిన్నె అంకమ్మ చేతికే ఇచ్చింది. "నువ్వే పెట్టు. నేను చూస్తా."

అంకమ్మ గిన్నె అందుకుంది. హజ్రా బీని దిండ్లకు ఆనించి, గడ్డం కిందికి వంచి, చెంచా అందించింది. గొంతు ముడి పైకి లేచి దిగేదాకా రెండో చెంచా ఎత్తలేదు. "మింగావా బూబమ్మా? ఏదీ, చూపించు" అని నోట్లోకి తొంగిచూసింది. తరువాత తల ఎత్తకుండానే అంది. "ఇదంతా రోజూ చూస్తానే ఉన్నా. చిక్కగుంటే దిగుద్ది, పల్చగుంటే దిగదు. చూసి కూడా దేవుడి మీదికే పోయింది నా బుద్ధి. నీళ్ళల్లో పిండి కలిపితే దిగేదేమో."

జుబేదా బయటికి వచ్చేసరికి షౌకత్ వ్యాన్ వెనక తలుపు తీసి ఉంచాడు.

"ఎత్తుకురానా?"

"వద్దు. వ్యాన్ పంపించెయ్. పండగ దాకా నేనిక్కడే ఉంటా."

"అంటే బాగుందనా?"

"బాగాలేదు. నీళ్ళు లేకుండా ఎండబెట్టారు. ఒక్కపొద్దనుకున్నారు. కానీ చెప్తే వింటన్నారు, పిలిస్తే డాక్టరొస్తాడు. మనింట్లోనైతే మనమూ ఒక్కపొద్దే అనుకునేవాళ్ళం. ఎంత గట్టిదో మా అమ్మ అని బజారంతా చెప్పుకునేవాళ్ళం."

షౌకత్ ఆమె మొహంలోకి చూశాడు. "ఇంటికి తీసుకుపోవడం ఇష్టం లేక అంటన్నావా ఆపా?"

ఎండలో గేటు ఇనుము మండుతోంది. దాని మీద వేసిన చేతిని ఆమె వెంటనే తీయలేదు.

"అదీ ఉంది" అంది. "అది పక్కన పెట్టి కూడా చూశా."

అతను వ్యాన్ తలుపు మూసి డ్రైవరు వైపు నడిచాడు. డాక్టరు స్కూటరు రోడ్డు మలుపు తిరుగుతుంటే ఆమె గేటు పూర్తిగా తెరిచింది.