కాళ్ళకు తెలియని సంగతి

చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి, అంచుల నుంచి నడిమికి ఇస్త్రీ పెట్టె జరుపుతూ ఉండగా తలుపు మళ్ళీ మూసుకుపోయింది. గది చీకటైంది. పిన్ని పెట్టెను నిలబెట్టి, వెళ్ళి తలుపు తెరిచి, స్టూలు అడ్డం పెట్టి వచ్చింది. పొద్దుటి నుంచీ ఇదే పని. ఆ ఇనుప తలుపును బిగించిన మహానుభావుడు ఎవరో గానీ కాస్త వంకరగా బిగించాడు. వదిలేస్తే చాలు, కిర్రుమంటూ తనంతట తానే వచ్చి మూసుకుంటుంది. స్టూలు చూస్తే ప్లాస్టిక్‌ది, పిల్లి తగిలినా పక్కకు జరిగిపోయే రకం.

ఇంకో రోజైతే ఆమె పట్టించుకునేది కాదు. ఈ రోజు మాత్రం తలుపు తెరిచి ఉండాలి. మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. ఆయన వచ్చేసరికి దుకాణం తెరిచి, లోపల పని జరుగుతూ కనిపించాలి. కనిపిస్తే లైసెన్సు మీద అక్కడే సంతకం పెడతాడు. కనిపించకపోతే ఈ గది సెల్‌ఫోన్లు బాగుచేసే మనిషికి పోతుంది. వరసలో ఆమె తర్వాత ఉన్నది అతనే. ఆశ కొద్దీ ఇప్పటికే ఒకసారి వచ్చి, గోడలు కొలుచుకుని, మొహమాటంగా నవ్వి వెళ్ళాడు. గడువు ఈ సాయంత్రంతో సరి.

వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నే. పొట్టి మనిషి. కుడి చెయ్యి ఎడమ చేతి కంటే లావు. ఏళ్ళ తరబడి బొగ్గుల పెట్టె మోసిన చెయ్యి అది. ఎడమ ముంజేతి మీద అరటాకు ఈనెలా పొడుగ్గా ఒక కాలిన మచ్చ. కాపురానికి వచ్చిన నాటి నుంచి మొన్నమొన్నటి దాకా ఆమె రోడ్డు పక్కన బండి మీదే ఇస్త్రీ చేసింది. మొదట భర్త పక్కన నిలబడి, ఆయన పోయాక ఒంటరిగా. ఎండకు బండి మీద గోనె పట్టా, వానకు దాని మీద ఇంకో పట్టా. ఆ రెంటికీ లొంగనిది ఒక్కటే, మున్సిపాలిటీ జీపు.

జీపు వస్తే బండ్లు తీసేయాలి. తీయకపోతే ఎత్తుకుపోతారు. ఒకసారి ఆమె బండిని అలాగే ఎత్తుకుపోయారు, బండి మీద ఉన్న ఊరి వాళ్ళ బట్టలతో సహా. అందులో ఒక నర్సమ్మ మొదటి రోజు డ్యూటీకి వేసుకోవాల్సిన తెల్ల యూనిఫాం ఉంది. రాత్రంతా అది ఆఫీసు పెరట్లో వానకు నాని, బురదలో దొర్లింది. మర్నాడు ఆ నర్సమ్మ వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు తిట్టి ఉంటే పిన్నికి ఎంత బాగుండేదో. అప్పటి నుంచీ జీపు మాట వినబడితే ఆమె ముందు బట్టల మూట భుజాన వేసుకుంటుంది, తర్వాత నిప్పుల పెట్టె చేత పట్టుకుంటుంది, ఆ తర్వాతే బండి సంగతి చూస్తుంది. చేతి మీద మచ్చ అలాంటి ఒక పరుగులో పడిందే.

రోడ్డు మీద వాళ్ళకు గదులు ఇస్తారన్న కబురు తెలిసినప్పుడు ఆమె నమ్మలేదు. నమ్మాక, ఆఫీసు మెట్లు అరగదీసింది. ఈ కిటికీ వాళ్ళు ఆ కిటికీకి పంపేవాళ్ళు, ఆ కిటికీ వాళ్ళు భోజనానికి వెళ్ళి ఉండేవాళ్ళు. ఫోటోలో చెవులు కనిపించలేదని ఒకసారి వెనక్కి పంపారు. నిప్పు ప్రమాదం లేదని ఫైర్ స్టేషన్ నుంచి కాగితం తెమ్మంటే వెళ్ళింది. బొగ్గులు ఎక్కడ నిలవ చేస్తావని అక్కడి ఆయన అడిగాడు. బొగ్గులు మానేశానని, కరెంటు పెట్టె కొన్నానని చెప్పింది. మరి నిప్పే లేనప్పుడు ఇక్కడికి ఎందుకు వచ్చావని ఆయన విసుక్కున్నాడు. నిప్పు లేదని రాసివ్వమనే వచ్చానని ఆమె అంది. ఆయన చాలాసేపు ఆలోచించి ముద్ర వేశాడు. ఇంటికి వచ్చి ఆ ముద్రను చూసుకుంటూ పిన్ని ఒక్కతే కూర్చుని పడీ పడీ నవ్వింది.

ఇప్పుడు బల్ల మీద ఉన్న చొక్కా చెప్పుల తాతది. వీధి మొదట్లో, కరెంటు స్తంభం కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన. ఆయన ముందు మూడు కాళ్ళ ఇనుప దిమ్మ ఒకటి ఉంటుంది. చెప్పును దాని మీద బోర్లించి మేకులు కొడతాడు. జీపు చప్పుడు అందరికంటే ముందు ఆయన చెవిన పడుతుంది. వెంటనే చెప్పు పక్కన పడేసి ఒట్టి దిమ్మ మీద సుత్తితో గబగబా బాదుతాడు. ఆ టంగుటంగు వినబడగానే వీధి వీధంతా బండ్లు తోసుకుంటూ పక్క సందులోకి దూరిపోతుంది. ఈ మధ్య ఆయనకు చూపు ఆనడం లేదు. సూదిలో దారం ఎక్కించమని దారిన పోయే వాళ్ళను అడుగుతున్నాడు. ఇక చాలు రమ్మని కూతురు కబురు మీద కబురు పెడితే ఒప్పుకున్నాడు. సాయంత్రం బస్సుకు ప్రయాణం. ఉన్న వాటిలో మంచి చొక్కాను పొద్దున్నే తెచ్చి పిన్ని చేతిలో పెట్టాడు.

అప్పుడే ఆమె అడిగింది, ఈ ఒక్క రోజుకూ దిమ్మ కొట్టకుండా ఉండమని. తనిఖీ రోజున వీధి అంతా అల్లకల్లోలం ఎందుకని ఆమె ఉద్దేశం. తాత తల అడ్డంగా ఊపాడు.

"వాళ్ళింకా రోడ్డు మీదే ఉన్నారు కదమ్మాయ్. జీపు ఎందుకొస్తుందో వాళ్ళకేం తెలుసు? నేను కొట్టేది వాళ్ళ కోసం. నువ్వు విననట్టు ఉండు."

అదెంత పని, అలాగే బాబాయ్ అని ఆమె నవ్వేసింది.

మధ్యాహ్నం దాటింది. కాలరు అయింది, భుజాలు అయ్యాయి, కుడి చేతి మడత సగంలో ఉంది. ఇన్‌స్పెక్టరు వస్తే ఎలా నిలబడాలో, ఏమని నమస్కారం పెట్టాలో ఆమె లోపల్లోపల అనుకుంటూ ఉంది. అంతలో వీధి మొదటి నుంచి టంగుటంగుమని దిమ్మ మోగింది.

ఆ తర్వాత జరిగిన దానిలో పిన్ని ప్రమేయం ఏమీ లేదు. చేతులు బల్ల మీది బట్టలన్నీ దుప్పట్లోకి లాగి మూట కట్టాయి. ప్లగ్గు ఊడపీకాయి. మూట భుజం మీదికి ఎక్కింది, వేడి పెట్టె ఒంటికి తగలకుండా పక్కకు చాపిన చేతిలోకి వచ్చింది. కాళ్ళు స్టూలును తన్నేసి గడప దాటాయి. వెనక తలుపు కిర్రుమని మూసుకుంది. పండ్ల బండి వెనక, ప్లాస్టిక్ బిందెల బండి పక్క నుంచి, అందరితో పాటు సందులోకి దూరి, గోడకు ఆనుకుని ఆమె ఆయాసపడుతూ నిలబడింది. ఇస్త్రీ పెట్టె వైరు ఆమె వెనక నేల మీద తోకలా పడి ఉంది.

పండ్ల బండి అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

"పిన్నీ, నువ్వెందుకొచ్చావు?"

అప్పుడు గానీ ఆమెకు తనిఖీ సంగతి గుర్తుకు రాలేదు. మూట దించే ఆలోచన కూడా రాలేదు, వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తింది.

ఈలోగా ఇన్‌స్పెక్టరు జీపు దిగి, గది నంబరు చూసుకుని, తలుపు తట్టాడు. ఎవరూ పలకలేదు. నెట్టి లోపలికి తొంగి చూశాడు. ఖాళీ బల్ల, పడిపోయిన స్టూలు తప్ప లోపల ఏమీ లేవు. ఒక్క బట్ట ముక్క లేదు, ఇస్త్రీ పెట్టె లేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఉన్నది ఉన్నట్టు రాసేవాడు. దుకాణం నడవడం లేదని రాసి, జీపెక్కి కూర్చున్నాడు. పిన్ని సందు మలుపు తిరిగేసరికి జీపు కదిలింది.

ఆమె దాని వెంట పడింది. ఇన్నేళ్ళూ ఏ జీపును చూసి పరిగెత్తిందో, దాని వెనకే ఇప్పుడు, భుజాన మూటతో, చేతిలో పెట్టెతో, ఆగండయ్యా ఆగండయ్యా అంటూ పరిగెత్తుతోంది. ఇంజను మోతలో ఆమె గొంతు ఎవరికీ వినబడలేదు. సందు మొదట్లో తలలు బయటపెట్టి అందరూ చూశారు. మొదట నవ్వారు, నవ్వు రాకుండా ఎలా ఉంటుంది? తర్వాత వాళ్ళకు సంగతి అర్థమైంది.

పండ్ల బండి అతను బండి పిడి పట్టుకుని ఒక్క క్షణం ఆగాడు. అది అతనికి ఉన్న ఒకే ఒక్క బండి. గట్టిగా ఊపిరి పీల్చి, దాన్ని సందులో నుంచి అడ్డదారిన ముందుకు తోసి, సరిగ్గా రోడ్డు నడిమధ్యలో, జీపుకు ఎదురుగా నిలబెట్టాడు. అతని పక్కన బిందెల బండి వచ్చి ఆగింది. దాని పక్కన పాత పుస్తకాల బండి. జీపు కీచుమంటూ ఆగిపోయింది. పారిపోయే బండ్లను పట్టుకోవడమే గానీ, ఎదురొచ్చి నిలబడే బండ్లను ఏం చేయాలో డ్రైవరుకు తెలియలేదు. హారన్ కొట్టడం కూడా మరిచిపోయి స్టీరింగ్ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఇన్‌స్పెక్టరు దిగాడు. అప్పటికి పిన్ని వచ్చి అందుకుంది. మూట, పెట్టె ఆయన ముందుకు చాపింది.

"నాదేనండీ ఆ దుకాణం. ఇవిగోనండీ బట్టలు. ఇదిగో పెట్టె."

"దుకాణం బల్ల మీద ఉండాల్సినవి రోడ్డు మీదకెందుకొచ్చాయమ్మా?"

"మీ జీపొచ్చిందని పారిపోయానండీ."

"నేనొచ్చింది నీ లైసెన్సు కోసమే కదా. నీకా సంగతి తెలుసు కదా."

"నాకు తెలుసండీ," అంది పిన్ని. "కాళ్ళకే తెలీదు."

ఇన్‌స్పెక్టరు ఆ కాళ్ళ వైపు చూశాడు. నిలబడి నిలబడి వెడల్పైన పాదాలు, ఒక చెప్పు ఎక్కడో జారిపోయి ఉంది. ఎదురుగా నిలబడ్డ బండ్ల వైపు చూశాడు. పండ్ల బండి అతను పిడి వదల్లేదు గానీ, ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరుకు ఏమనిపించిందో ఏమో, ఈ రోజు తాను బండ్ల పని మీద రాలేదని డ్రైవరుకు వినబడేటట్టు గట్టిగా చెప్పి, గది వైపు నడిచాడు.

పిన్ని ప్లగ్గు పెట్టింది, మూట విప్పింది. తాత చొక్కా పైనే ఉంది, నలిగి ముద్దయి. మళ్ళీ మొదటి నుంచి, కాలరు నుంచి మొదలుపెట్టింది. నమస్కారం పెట్టడం మరిచిపోయింది, ఎలా నిలబడాలో కూడా మరిచిపోయింది. నీళ్ళు చిలకరించిన చోట ఆవిరి లేచింది. తలుపు మూసుకోబోతే ఇన్‌స్పెక్టరే చెయ్యి అడ్డం పెట్టి పట్టుకున్నాడు. చేతుల మడతలు, గుండీల పట్టీ, వెనక భాగం, ఒక్కొక్కటీ ఆమె చేతి కింద తెల్లగా, చదునుగా పరుచుకుంటుంటే ఆయన చివరి దాకా నిలబడి చూశాడు. ఇందాక రాసింది కొట్టేసి, కింద కొత్తగా రాసి, లైసెన్సు మీద సంతకం పెట్టి ఆమె చేతికి ఇచ్చాడు.

తలుపు బయట గుమిగూడిన వాళ్ళు జీపు మలుపు తిరిగాకే కేకలు పెట్టారు. అద్దం కట్టించాలని ఒకరు, దండ వేయాలని ఒకరు, ముందు పిన్ని చెప్పు వెతకాలని ఒకరు. పిన్ని కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. ఆమెకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. భర్త ఉండి ఉంటే ఈ కాగితాన్ని ఊరంతా తిప్పి చూపించేవాడు. అందుకని ఆమే వీధంతా తిరిగి, ఒక్కొక్క బండి దగ్గరా ఆగి అందరికీ చూపించి వచ్చింది. పండ్ల బండి అతను చెయ్యి తుడుచుకుని, పట్టుకుని చూసి, నీ ఫోటోలో చెవులు బాగా పడ్డాయి పిన్నీ అన్నాడు.

పొద్దు వాలే వేళకు చెప్పుల తాత చొక్కా కోసం వచ్చాడు. అక్కడే తొడుక్కుని, గుండీలు తడుముకుంటూ పెట్టుకున్నాడు. విననట్టు ఉండమంటే ఎంత చక్కగా విననట్టు ఉన్నావమ్మాయ్ అని ఏడిపించాడు. ఆమె సిగ్గుపడి, రెండోసారి చేసింది కాబట్టే చొక్కా ఇంత బాగా వచ్చిందని బుకాయించింది. ఇక రేపటి నుంచి జీపు వస్తే అందరికీ ఎవరు చెబుతారని అడిగింది. ఆయన కాలరు తడిమి చూసుకున్నాడు. ఆమె బట్టలు మడత పెట్టడానికి అటు తిరిగినప్పుడు వీధిలోకి వెళ్ళి, సంచితో మళ్ళీ వచ్చి, కాసేపు గుమ్మం దగ్గర వంగి ఏదో సర్దుకున్నాడు.

తలుపు ఎలాగూ తనంతట తానే మూసుకుంటుందిలే అని పిన్ని వెనక్కి చూడకుండా బయల్దేరింది, బస్సు దాకా అందరూ వెళ్ళారు. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. చూపు ఆనకపోయినా, చప్పుడును బట్టి వాళ్ళున్న వైపుకే చెయ్యి ఊపాడు. బస్సు వెళ్ళిపోయింది. పిన్ని ఒక్కతే తిరిగి వస్తూ కరెంటు స్తంభం కింద చూసింది. అక్కడ మేకులు, తోలు ముక్కలు, ఆయన కూర్చుని కూర్చుని నున్నబడిన నేల తప్ప ఏమీ లేవు.

దుకాణం దగ్గరికి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచే ఉంది. దీపం వెలుగు వీధి మీద పడుతోంది. గాలికి తలుపు కిర్రుమంది గానీ మూసుకోలేదు. దానికి అడ్డంగా, సుత్తి దెబ్బలకు పైనంతా అరిగి మెరుస్తూ మూడు కాళ్ళ ఇనుప దిమ్మ కూర్చుని ఉంది, పక్కనే చేతికి అందేటట్టు సుత్తి.