కన్నం పెట్టె, మూసిన పెట్టె

ముందుగదిలో అడుగు పెట్టాలంటే పక్కకు తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని దూరాలి. అంతా చెక్కపెట్టెలే. నిలబెట్టినవి కొన్ని, పడుకోబెట్టినవి కొన్ని, ముఖానికి గుండ్రంగా చిల్లు కోసి వదిలేసినవి కొన్ని. ఇల్లా, ఖర్మా! సత్తెనపల్లి మొత్తమ్మీద ఇంత దిక్కుమాలిన గది ఇంకెవరింట్లోనూ ఉండదని జ్యోతిర్మయి గట్టి నమ్మకం.

ఆ గది ఆమెది. కాపురానికి వచ్చినప్పటినుంచి అందులోనే ఆడపిల్లలకి వీణ నేర్పేది. భర్త జయదేవ్ బ్యాంకులో ఆఫీసరు. పోయినేడు ఆయనకో పిచ్చి పట్టింది. బజార్లో దొరికే స్పీకర్లన్నీ చెత్తట, వీణ వీణలా వినపడాలంటే పెట్టె మనమే కట్టుకోవాలట. "డిజైను తేలేదాకా పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టుకో, కొన్నాళ్ళేగా" అన్నాడు. ఏడాది తిరిగింది. వరండాని ఆనుకునే మిరపకాయల గోదాము. అక్కడ బస్తా దులిపినప్పుడల్లా ఇక్కడ పిల్లలు తుమ్ముతూ, దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ స్వరాలు వాయించేవాళ్ళు. ఒక్కొక్కరే మానేశారు. నాజియా, ఇంకో ఇద్దరు మిగిలారు. వాళ్ళూ మానేస్తే ఇక వీణకి గుడ్డ కప్పేసి వంటింట్లో పడి ఉండటమే. అదే ఆమె భయం.

ఆయనగారికేం! ఆయనకున్న బాధల్లా ఒకటే, పెట్టెకి కన్నం పెట్టాలా, మూసెయ్యాలా అని. కన్నం ఉంటే లోపలి గాలి కూడా బయటికి తన్నుకొచ్చి బేస్, అదే ఆ బరువైన కింది మోత, దండిగా వస్తుంది. మూసేస్తే బేస్ తగ్గుతుంది గానీ, తీగ మీటితే మీటినట్టు, ఆగితే ఆగినట్టు వినిపిస్తుంది. దీనిమీద ప్రతి ఆదివారం చిన్ననాటి స్నేహితుడు ఇమాం హుస్సేన్‌తో వాదన. గుంటూరులో బట్టలకొట్టు వదిలేసి, బస్సెక్కి మరీ వచ్చేవాడు.

"ఒరేయ్, బేస్ లేకపోతే పాట చప్పగా ఏడుస్తుందిరా! కన్నం పెట్టాల్సిందే" అనేవాడు ఇమాం హుస్సేన్.

"నీది పెళ్ళి డీజే చెవిరా. నువ్వు నోరుమూసుకో."

మధ్యలో కాఫీలు జ్యోతిర్మయి చేతిమీదుగానే వెళ్ళేవి. బుద్ధెరిగిన నాటినుంచీ తీగలతో బతికిన మనిషి ఎదురుగా నిలబడి గ్లాసు అందిస్తుంటే, 'నీ చెవికి ఎలా ఉంది?' అని ఒక్కడంటే ఒక్కడు అడిగిన పాపాన పోలేదు.

చివరికి ఇమాం హుస్సేన్ మాటే నెగ్గి, కన్నం పెట్టె తయారైంది. లోపల గోల అణగడానికి దూది కుక్కాలి. దూది కొనడం జయదేవ్‌కి నామోషీ అనిపించింది. "పత్తి పండే నేలమీద పుట్టి దూది కొనుక్కోవడమేంటే, నలుగురూ నవ్విపోరూ!" అంటూ బాబాయి చేలోంచి అప్పుడే తీసిన పత్తి బస్తాడు మోసుకొచ్చి, గింజైనా తీయించకుండా పెట్టెల్లో కూరేశాడు.

"గింజలో పురుగుంటుందేమోనండీ" అంది జ్యోతిర్మయి.

"స్పీకర్లో దానికేం పనే?" అని నవ్వాడు.

పట్టుమని పది రోజులైనా కాకముందే, వీణ తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్ళిన నాజియా కెవ్వుమంది. జ్యోతిర్మయి పరుగున వెళ్ళి చూస్తే, పెట్టె కన్నంలోంచి గులాబీరంగు పురుగులు జారి, గచ్చుమీదా, గోడమీదా, ఆఖరికి వీణ కుండమీదా పాకుతున్నాయి. ఒకటి పిల్ల చున్నీమీద. జ్యోతిర్మయి దాన్ని కొంగుతో విదిలించి కొట్టింది. పురుగుల్ని ఊడ్చింది, వీణని తడిగుడ్డతో తుడిచింది, చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది. ఒళ్ళంతా ఒకటే దురద. ఛీ ఛీ!

సాయంత్రం జయదేవ్ పెట్టె ముందు గొంతుక్కూర్చుని, ఏదో గొప్ప సంగతి తెలిసొచ్చినట్టు తల ఊపాడు.

"నేను మొదటినుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, ఈ కన్నం డిజైనే తప్పని. మూసేస్తే ఒక్క పురుగు బయటికి రాదు."

మనిషన్నవాడు పత్తి తీసి పారేస్తాడా, పురుగుల్ని లోపలే పెట్టి బిగిస్తాడా? బిగించాడండీ ఈ మహానుభావుడు! కన్నాలకి చెక్కబిళ్ళలు వేసి, జిగురు పూసి, మూసిన పెట్టే ఖాయమన్నాడు.

"అయితే నా గది నాకిచ్చెయ్యండి" అందామె.

"ఆదివారం విన్నాక చూద్దాం."

ఆదివారం ఇమాం హుస్సేన్ వచ్చాడు. ఎవరో విద్వాంసుడి వీణ రికార్డు పెట్టుకుని ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు. లోపల పురుగులు, పైకి రాగం! గుమ్మంలో నిలబడ్డ జ్యోతిర్మయికి వాళ్ళ ముఖాల్లో ఆ పరవశం చూస్తుంటేనే వెగటు పుట్టింది. ఉన్నట్టుండి జయదేవ్ కళ్ళు తెరిచాడు.

"ఏదో సన్నగా రొద వస్తోందిరా." గదంతా వెతికి మూలకెళ్ళాడు. స్పీకర్ల మోతకి అక్కడున్న వీణ తీగలు వాటంతటవే కదులుతున్నాయి. "నీ వీణేనే! దీన్ని తీసి వరండాలో పెట్టు. ఇకమీదట ఈ గదిలో వీణ ఉండకూడదు, వినికిడి పాడైపోతుంది."

"వాడన్నది నిజమే చెల్లెమ్మా" అన్నాడు ఇమాం హుస్సేన్.

"ఈ ఏడాదిలో నేను వాయిస్తుంటే ఒక్కసారి కూర్చుని విన్నారా మీరు?" అని అడిగిందామె భర్తని.

"నువ్వు రోజూ వాయిస్తూనే ఉంటావుగా!"

ఆమె చీరకొంగు బిగించి, వైర్లు పీకి, పెట్టెని నడుంతో నెట్టుకుంటూ గడప దాటించింది. రెండోదాన్నీ అలాగే నెట్టింది. యాంప్లిఫయరు, చెక్కముక్కలు, జిగురు డబ్బాలు, అన్నీ వరండాలోకి చేరాయి.

"ఒసేయ్, బయట మిరప దుమ్ముకి స్పీకర్ల కాగితం కోన్లు పాడైపోతాయే!" అని జయదేవ్ గుండెలు బాదుకున్నాడు.

"ఏడాదిపాటు మనుషుల పిల్లలు కూర్చున్నారండీ అక్కడ."

పాఠానికొచ్చి వరండాలో బిక్కచచ్చి నిలబడ్డ నాజియానీ, మిగతా ఇద్దర్నీ లోపలికి పిలిచి తలుపు వేసేసింది. వీణ ఒళ్ళోకి తీసుకుని, శ్రుతి చేసి, పిల్లలకి చూపించడానికి తనే మొదలుపెట్టింది. ఎన్నాళ్ళకో ఆ గది గోడల మధ్య నాదం నిండుగా పలికింది. ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో కిటికీ ఊచల మధ్యనుంచి జయదేవ్ ముఖం కనపడింది. వరండాలో వైర్లు కలుపుకుని, మళ్ళీ ఆ రికార్డే పెట్టుకున్నట్టున్నాడు.

"జ్యోతీ, కాసేపు ఆపవే. ఇక్కడ వీణ సరిగ్గా వినపడటం లేదు."

ఆమెకి కోపం కూడా రాలేదు. రోత పుట్టింది. లేచి వెళ్ళి, ఆయన ముఖంమీదే కిటికీ మూసి గడియ పెట్టింది.