మడుగులో వదిలిన కొర్రమట్టలు

రాజానికి అబద్ధమాడటం చేతకాదు. ఆడక ఆడక డెబ్బై ఏళ్లకు ఒక్కటాడాడు, అదీ చేపలతో!

అక్కన్నపేట దాటాక వాగు ఒడ్డున గ్రానైట్ క్వారీ పెట్టి ఆరేళ్లయింది. రాయి కోసిన తెల్లటి బురదంతా వాగులోకే వదులుతారు. రెండేళ్లుగా రాజం వలలో పరకపిల్ల కూడా పడలేదు. అలాంటిది, వాగులో చేపలు లెక్కపెట్టడానికి పట్నం నుంచి ఒక మేడం వస్తోందని, వల వేయడానికి రాజమే రావాలని కబురొచ్చింది. చేపలు లేవని రాసుకుపోతే వాగు మీద బెస్తవాళ్ల హక్కు ఎత్తేస్తారని ఆయన భయం. ఎవరినైనా అడగొచ్చుగా? అడగడు. మహా అభిమానం.

"ఊరుగాని ఊరు పిల్లకు ఉత్త వల జూపియ్యాల్నా? మా తాత పరువు తీసినట్టే గదా," అన్నాడు భార్య ఐలవ్వతో.

"ఉన్నది ఉన్నట్టు జూపియ్యరాదు? నీకెందుకు గీ లొల్లి," అందామె.

వింటేగా! తెల్లారకముందే చెరువుకు పోయి, ఇరవై కొర్రమట్టలు బిందెలో తెచ్చి వాగు మడుగులో వదిలాడు. కొర్రమట్ట మొండిది, బురదలోనూ నాలుగు రోజులు బతుకుతుంది.

మేడం పేరు స్నిగ్ధ. రాజం విసిరిన వలలో ఏడు పడ్డాయి. ఆమె ఒక్కొక్కటే స్కేలుతో కొలిచి, రాసుకుని, మళ్లీ నీళ్లలో వదిలేసింది. రాజం మీసం దువ్వుకున్నాడు.

"ఇగ వాగు మాకే ఉంటది గదా బిడ్డా?"

"వాగు ఎవరు గుంజుకుంటరు తాతా? నేనొచ్చింది క్వారీ కోసం. ఇంకో ముప్పై ఎకరాలు పెంచుతమంటున్నరు. క్వారీ బురదకు చేపలు లేకుండ పోయుంటే ఆపమని రాసేదాన్ని. మంచిగనే ఉన్నయి కదా."

రాజం మీసం మీద చెయ్యి తీసేశాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అంటారు, కానీ మరీ ఇంతా! తన వాగు గొంతు తనే పిసికాడు.

"బిడ్డా, గవి వాగువి గావు. చెరువుల కెల్లి నేనే తెచ్చి ఇడిసిన."

స్నిగ్ధ జాలిగా చూసింది. "క్వారీ ఆగాలని చెప్తున్నవు, నాకర్థమైతది తాతా. కానీ కండ్లతోని చూసినంక లేవని ఎట్ల రాయాలె?"

"ఇంకొక్కపారి ఏస్త. జూడు."

వల విసిరే ముందు గంగమ్మకు మొక్కడం ఆయన అలవాటు. బుద్ధెరిగాక మొదటిసారి, వల ఖాళీగా రావాలని మొక్కాడు. విసిరాడు. లాగుతుంటే బరువు చేతికి తెలిసింది.

రెండు కొర్రమట్టలు. స్నిగ్ధ మళ్లీ స్కేలు తీసింది. రాజం ఇసుకలో కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.